చవుడు, చలువ, సబ్బు : ఊత్తుకోట రేవులో ఒక శాస్త్రం, దాని పేర్లు

1. ప్రస్తావన

ఊత్తుకోట పేరులోనే నీరు ఉంది. తమిళంలో ఊఱ్ఱు అంటే నేలలోనుండి ఉబికే నీరు. వాడుకలో అది ఊత్తు అయింది. తెలుగులో దానికి సాటి మాట ఊట. ఊరు అనే క్రియనుండి రెండు భాషలూ తమ తమ పద్ధతిలో పుట్టించుకొన్న మాటలివి. ఆరణి ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. చెలమ తీస్తే మాత్రం నీరు ఊరుతుంది. మద్రాసునుండి నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే దారిలో, నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఈ ఊరు ఉంది. 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం తవ్విన తెలుగుగంగ కాలువ తమిళనాడులో అడుగుపెట్టేది కూడ ఈ ఊరి దగ్గరే. 1996లో కృష్ణనీరు మొదటిసారి ఈ దారినే పూండి జలాశయానికి చేరింది.

ఊరు నీటి ఒడ్డునే కాదు, ఎల్లమీద కూడ ఉంది. పటాస్కర్ సూచనల ననుసరించి చేసిన 1959నాటి చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినప్పుడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు మారినవి. ఊత్తుకోట మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1997లో చెంగల్పట్టునుండి విడివడిన తిరువళ్లూరు జిల్లాలో చేరింది. ఇక్కడి ఇళ్లల్లో తెలుగు, వీధిలో రెండు భాషలు, బడిలో తమిళం. ఇటువంటి చోట మాటలు ఒకదానినొకటి చూసుకొంటూ బ్రతుకుతాయి. అందువల్ల ఒక భాషలో మనకు పట్టుబడని విషయం రెండవ భాష పక్కన పెట్టగానే కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో మేము బట్టలు ఉతకడానికి, తెల్లబరచడానికి, వాసన కట్టడానికి మనవాళ్లు వాడిన ద్రవ్యాల చరిత్రను ఆ ద్రవ్యాల పేర్ల ద్వారా చూడదలచినాము. ఈ చరిత్రను సాధారణంగా 1888లో కలకత్తా ఓడరేవులో దిగిన సన్‌లైట్ సబ్బు పెట్టెలతో మొదలుపెడుతుంటారు. అంతకుముందు ఉన్నదానిని చరిత్ర అనరు, కులవృత్తి అంటారు. ఈ విభజన సరి కాదని మా అభిప్రాయం. సబ్బు రాకముందు రేవులో జరిగింది కూడ రసాయనశాస్త్రమే. అయితే మనం దానికి శాస్త్రం పేరు కాక, చేసేవారి కులం పేరు పెట్టినాము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలలో మొదటిది (1962) వ్యవసాయం, రెండవది (1971) చేనేత. మగ్గం దిగేవరకు గుడ్డ కథను ఆ రెండవ సంపుటి చెప్పింది. మగ్గం దిగి, కట్టి, మాసిన తరువాతి కథ మా విషయం.

2. చవుడు, కారం, ఉబ్బ

వర్షాలు వెనుకపట్టి నేల ఆరేటప్పుడు పల్లపు భూములలో లోపలి నీరు పైకి ఎగబ్రాకి ఆవిరైపోతుంది. అందులో కరగి ఉన్న లవణాలు తెల్లని పొరగా నేలమీద మిగులుతాయి. ఇదే చవుడు. దీనిలో పనికివచ్చే పదార్థం సోడియం కార్బొనేటు, దానితోపాటు కొంత బైకార్బొనేటు. తెలుగు చవుడుకు కన్నడంలో చవుళు, సవుళు. తమిళంలో సవుడు, ఉప్పదనాన్ని చెప్పే సవర్ సాటి మాటలు. తమిళంలో ఉవర్‌మణ్ అన్న మాట కూడ ఉంది. సంస్కృతంలో ఊషం ఇదే మట్టి. ఊషరక్షేత్రం అనే మాట మనకు దానివల్లనే వచ్చింది.

ఈ మట్టిని నేరుగా గుడ్డకు పూయరు. కుండలో నీళ్లు పోసి కలిపి, మట్టి అడుగుకు దిగినాక పైతేటను తీస్తారు. ఆ తేట బలం ఎంత అన్నది అసలు ప్రశ్న. బలం చాలకపోతే జిడ్డు వదలదు, మించితే గుడ్డ జీర్ణిస్తుంది. తూనిక లేదు, కొలపాత్ర లేదు. ఊత్తుకోటలో ఎనభై ఏళ్లు దాటిన ఒక అవ్వ మాకు చెప్పిన మాట ఇది: “మా అత్త నాలుక మింద ఒక సుక్క యేసుకొని చెప్పేసేది సామీ. కారం చాల్లేదు, ఇంగో దోసిడు పొయ్యి అనేది. కారం ఎక్కువైంది, నీల్లు పొయ్యి అనేది. ఒక దినమన్నా తప్పింది లేదు.”

ఇక్కడ కారం అంటే మిరప కారం కాదు. సంస్కృత క్షారం తెలుగులోను తమిళంలోను కారం అయింది. మిరపకాయ మన దేశానికి వచ్చింది పదహారవ శతాబ్దిలో. అంతకుముందే ఉన్న ఈ మాట తరువాత మిరప రుచికి అంటుకొన్నది. మన వంటింట్లో ఆ కొత్త అర్థమే మిగిలింది. రేవులో మాత్రం పాత అర్థం చెడకుండా నిలిచింది. క్షారాన్ని క్షారమనే పిలిచిన స్త్రీకి తాను ఒక పారిభాషికపదం వాడుతున్నట్లు తెలియదు. తెలియవలసినది మనకు.

తేటలో ముంచి పిండిన బట్టలను బాన మూతిపైన చుట్టలుగా పేర్చి, అడుగున మంట పెట్టి, రాత్రంతా ఆవిరి పట్టించడాన్ని ఉబ్బ వేయడం అంటారు. తమిళంలో దీని పేరు వెళ్లావి, అంటే తెల్లని ఆవిరి. ఈ క్రియలో జరిగేది తెలిసిన తరువాత దానిని మోటుపని అనడానికి నోరు రాదు. చెమటలోని కొవ్వు వేడి క్షారంతో కలిసి దారంలోనే సబ్బుగా మారుతుంది. అంటే బయటినుండి సబ్బు తేవలసిన పని లేదు. మురికినే సబ్బు చేసి, ఆ సబ్బుతో మిగిలిన మురికిని వదలగొడుతున్నారు. మరిగే నీటి ఆవిరికి పేను, ఈరు, చాలా సూక్ష్మజీవులు కూడ చస్తాయి. పొద్దున బండమీద బాదడం, ఏట్లో జాడించడం, ఎండకు పరచడం మిగిలిన పనులు. తడిగుడ్డపైన ఎండా గాలీ కలిసి చేసే పని ఆమ్లజని చేసే పని. రంగునిచ్చే మలినాలు దానివల్ల విరుగుతాయి.

ఈ విద్య ప్రాచీనత గురించి పుస్తకసాక్ష్యం లేకపోలేదు. మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ఏ గుడ్డను దేనితో శుద్ధి చేయాలో చెప్పే పట్టిక ఉంది. పట్టుకు, ఉన్నికి ఊషం. నేపాళ కంబళాలకు అరిష్టకం, అంటే కుంకుడు. సన్నని నారపట్టుకు శ్రీఫలం, అంటే మారేడు. అవిసెనార గుడ్డకు తెల్లావాలు. అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో రజకులు చెక్కపలకమీదగాని నున్నని రాతిమీదగాని ఉతకాలనీ, వేరేచోట ఉతికి గుడ్డ పాడుచేస్తే నష్టంతోపాటు ఆరు పణాల దండుగ కట్టాలనీ, ఇతరుల గుడ్డను అమ్మినా అద్దెకిచ్చినా తాకట్టు పెట్టినా పన్నెండు పణాలనీ ఉంది.

ఈ రెండింటిని రేవుతో పోల్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పట్టు, ఉన్ని జంతుసంబంధమైన మాంసకృత్తులు. బలమైన క్షారం వాటిని తినివేస్తుంది. మేము కలుసుకొన్న రేవువారిలో ఒక్కరు కూడ పట్టుచీరను చవుడు నీటిలో వేస్తామని చెప్పలేదు. పట్టుకు కుంకుడే. కుంకుడులోని సపొనిన్లు నురుగునిస్తాయి, జిడ్డును వదలగొడతాయి, పట్టును బాధించవు. స్మృతికారుడు పట్టుకు చెప్పిన మట్టిని ఆచరణ నూలుకు పరిమితం చేసింది. నేటి రసాయనశాస్త్రం ఏ పక్షమో వేరే చెప్పనక్కరలేదు.

3. చాకలిపేట

ఈ విద్య పల్లెరేవులకే పరిమితమై ఉండినట్లయితే చరిత్రకారులు దానిని పట్టించుకోకపోవడాన్ని కొంత క్షమించవచ్చు. కాని ఇదే విద్య ఒక మహానగరం పుట్టుకలో పాలు పంచుకొన్నది. 1639లో ఈస్టిండియా కంపెనీవారు దామెర్ల నాయకులనుండి మద్రాసపట్టణం పొందింది ముఖ్యంగా నూలుగుడ్డ కోసం. మగ్గంనుండి దిగిన గుడ్డ గోధుమవన్నెలో, గంజితో, నూనెమరకలతో ఉంటుంది. దానిని తెల్లబరచకుండా ఓడ ఎక్కించడానికి లేదు. అద్దకానికి పంపడానికీ లేదు. ఆ పని చేసేవారికోసం కోటకు ఉత్తరాన ఏర్పడిన పేటను తమిళులు వణ్ణారపేట అన్నారు, తెలుగువారు చాకలిపేట అన్నారు, ఇంగ్లీషువారు దానినే తర్జుమా చేసుకొన్నారు. నేడు మెట్రో రైలు ఆగే ఆ పేట పేరులో ఉన్నది ఇంటిబట్టలు ఉతకడం ఒకటే కాదు. ఎగుమతి సరుకును విరంజనం చేసిన పరిశ్రమ కూడ ఉంది. 1734లో సుంకురామ అనే వర్తకుని తోట స్థలంలో చింతాద్రిపేటను కట్టినప్పుడు కూడ వడికేవారు, నేసేవారు, అద్దేవారితోపాటు చలువచేసేవారికి చోటిచ్చినారు.

ఆ కాలపు పద్ధతిని కొంత వివరంగా వ్రాసిపెట్టినవాడు కూడ మా వంటి భాషావృత్తివాడే కావడం మాకు ఆసక్తికరంగా తోచింది. ఫ్రెంచి జెసూటు మతాచార్యుడు కూర్దూ తెలుగుదేశంలో పనిచేసి, తెలుగు నేర్చినవాడు. 1767లో సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో ఉన్న పోలికలను ఫ్రెంచి విద్వత్పరిషత్తుకు వ్రాసి పంపినవాడు. ఆ విధంగా అతడు భాషాశాస్త్ర చరిత్రలో విలియం జోన్స్ కంటె ముందు నిలుస్తాడు. అదే కూర్దూ 1742లో కోరమండలం తీరపు అద్దకాల గురించి వివరమైన లేఖ వ్రాసినాడు. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టడం, రంగు వేసినాక పెంటికనీళ్లలో ఉంచి, జాడించి, ఎండలో పరచి తిరిగి తెలుపు తెప్పించడం మొదలైన పనులు యూరపు పాఠకులకు తెలిసింది ఇటువంటి లేఖలవల్లనే. కాళహస్తి కలంకారీలో కరక్కాయ, గేదెపాలు నేటికీ ఉన్నవి. అతనికి విషయం చెప్పిన పనివారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

అటు యూరపులో 1774లో షీలే క్లోరినును కనిపెట్టడం, 1785లో బెర్తొలే దానితో గుడ్డను తెల్లబరచి చూపడం, 1799లో టెనెంట్ దానిని సున్నంతో కలిపి పొడిగా చేయడం జరిగిపోయినవి. 1791లో లెబ్లాంక్ ఉప్పునుండి సోడా తీయడం కనిపెట్టినాడు. వారాలు పట్టే ఎండబెట్టు పని గంటల పని అయింది. పత్తిగుడ్డ వ్యాపారం తలక్రిందులైన కథలో మరమగ్గాన్ని అందరూ చెబుతారు. ఈ రెండు పొడులను కూడ చెప్పాలి. వాటితోనే చవుడుకు ఓడ ఎక్కే గుడ్డతో ఉన్న సంబంధం తెగిపోయింది; ఊరి రేవు ఒక్కటే దానికి మిగిలింది.

4. గంజి, నీలి, జీడి

రేవుపనిలో ఉతికిన తరువాతి మూడు ద్రవ్యాలను క్లుప్తంగా చూద్దాము.

గంజి అందరికీ తెలిసినదే. అన్నం వార్చిన నీటిలోని పిండిపదార్థం దారాలమీద సన్నని పొరగా ఆరి, గుడ్డకు బిరుసు ఇస్తుంది. తరువాత అంటిన మురికి దారానికి కాక ఆ పొరకు అంటుతుంది కనుక మరుసటి ఉతుకులో సులభంగా పోతుంది. దక్షిణాది కంజి ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కినప్పుడు, 1886నాటి హాబ్సన్-జాబ్సన్ దానిని రోగులకిచ్చే ఆహారంగానే కాక ఈ దేశపు చాకళ్లు గుడ్డకు పెట్టే ద్రవ్యంగా కూడ పేర్కొన్నది.

నీలిమందు పేరు పాతది, వస్తువు కొత్తది. పేరు నీలిమొక్కది. పొట్లంలో ఉండేది అల్ట్రామెరీన్. ఈ రంగును కృత్రిమంగా చేసినవారికి ఫ్రాన్సులో 1824లో బహుమతి ప్రకటించగా, 1828లో అది గీమే అనే ఆయనకు దక్కింది. నీలిరంగు గుడ్డను శుభ్రం చేయదు. నూలుగుడ్డలో మిగిలే పసుపుచాయకు నీలిచాయ ఎదురు నిలిచి, కంటికి తెలుపు అనిపిస్తుంది. 1983లో కేరళలోని త్రిచూరు ప్రాంతంలో ఎం. పి. రామచంద్రన్ ప్రారంభించిన ఉజాలా ఇదే సూత్రాన్ని ఊదారంగు ద్రవంగా మార్చింది. పొడిలా అడుగుకు దిగదు, మచ్చలు కట్టదు. ఊత్తుకోటలో దానిని కూడ నీలిమందు అనే అంటారు. మొక్క పోయి ఖనిజం వచ్చినా, ఖనిజం పోయి ద్రవం వచ్చినా పేరు కదలలేదు.

జీడి సంగతి వేరు. నల్లజీడిగింజ రసం, దానిపైన సున్నం తాకిస్తే గుడ్డమీద నల్లగా పట్టి, ఎన్ని ఉబ్బలకూ పోదు. ఇంటికొక గుర్తు. మూడు చుక్కలు ఒకరివి, అడ్డగీతా చుక్కా ఇంకొకరివి. లిన్నేయసు కుమారుడు ఈ చెట్టుకు పెట్టిన సెమెకార్పస్ అన్న శాస్త్రీయనామానికి గ్రీకులో గుర్తు పెట్టే కాయ అని అర్థం. అంటే మనవాళ్ల వాడుకనే అతడు పేరు చేసినాడు. ఈ రసంలోని ఫీనాలు కొందరి చర్మానికి పడవు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇక్కడికి వచ్చిన అమెరికను సైనికులకు బట్టమీది గుర్తు తగిలినచోటల్లా దద్దురు లేచి, వైద్యపత్రికలకు కొత్త వ్యాధి దొరికింది. ఆ గింజను రోజూ చేత్తో పట్టినవారి వేళ్లగురించి ఏ పత్రికా వ్రాసినట్లు మేము చూడలేదు. నూరు ఇళ్ల గుర్తులను తప్పకుండా చదివి, ఎవరి బట్ట వారికి చేర్చిన మనిషిని నిరక్షరకుక్షి అనడం ఎంతవరకు సబబో పాఠకులే ఆలోచించాలి.

5. సబ్బు వచ్చిన దారులు

లాటిన్ సాపో అరబ్బీలో సాబూన్ అయింది, పోర్చుగీసులో సబావో అయింది. మన సబ్బు ఈ కుటుంబానిది. తమిళ సోప్పు ఇంగ్లీషునుండి వచ్చింది. అంతకుముందున్న తమిళమాట సవుక్కారం. దాని ఉత్తరభాగం మనం పైన చూచిన కారమే. అంటే తమిళం కొత్త వస్తువును పాత క్షారం పేరుతో ఆహ్వానించింది. ఎల్లమీది తెలుగులో మూడూ వింటాము. ముసలివారు సవుకారం అంటారు, నడివయసువారు సబ్బు అంటారు, పిల్లలు సోప్పు అంటారు. ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు మాటలు.

మద్రాసు ప్రభుత్వమే సర్ ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో 1914లో మలబారులో సబ్బు తయారీ మొదలుపెట్టింది. అదే తరువాత కోళిక్కోడులో కేరళ సబ్బు సంస్థ అయింది. 1918లో గోద్రెజ్ సబ్బులు వచ్చినవి. 1959లో సర్ఫు, 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయి పటేలు సైకిలుమీద తిరిగి అమ్మిన నిర్మా వచ్చినవి. సర్ఫు ఒక కంపెనీ పేరన్న సంగతి మరచి, ఏ పొడినైనా సర్ఫు అనడం తెలుగునాట స్థిరపడింది. ఊత్తుకోట సంతలో “ఆ పచ్చ సర్ఫు ఈ అబ్బా” అని వేరే కంపెనీ పొట్లం అడిగిన స్త్రీని మేము విన్నాము.

సబ్బుకూ ఈ పొడులకూ ముఖ్యమైన భేదం నీటివల్ల తెలుస్తుంది. సున్నపు లవణాలున్న బోరునీటిలో సబ్బు విరిగి తెట్టె కడుతుంది, నురుగు రాదు. కృత్రిమ డిటర్జెంటు అంత తేలికగా విరగదు. చెరువునీరు, ఏటినీరు తగ్గి బోరునీరు పెరిగిన కాలంలోనే పొడులు ఊరూరా వ్యాపించడంలో ఈ కారణాన్ని కూడ లెక్కించాలి. ఆ పొడులకు ప్రాణమైన లీనియర్ ఆల్కైల్ బెంజీను కిరోసిను భాగాలనుండి, బెంజీనునుండి తయారవుతుంది. 1984లో స్థాపించిన తమిళనాడు పెట్రోప్రాడక్ట్స్ దానిని మణలిలో తయారుచేస్తుంది. మణలి కొంతకాలం తిరువళ్లూరు జిల్లాలోనే ఉండి, 2018లో చెన్నైలో కలిసింది. ఒకప్పుడు పల్లపునేలలో గీకి తెచ్చుకొన్న వస్తువుకు బదులు వచ్చినది కూడ ఈ జిల్లాలోనే, పైపులు, గోపురాలున్న కర్మాగారంలో తయారైనది.

అయితే బదులు పూర్తిగా వచ్చిందా? పొడి పొట్లాన్ని తిప్పి చూస్తే తరచు కనిపించే పదార్థం సోడా బూడిద. చవకరకాలలో దాని పాలు మరీ ఎక్కువ. సోడా బూడిద అంటే సోడియం కార్బొనేటు, అనగా చవుడులోని సారమే. అవ్వవాళ్లు కుండలో తేర్చుకొన్నదానిని ఇప్పుడు సంచిలో కొంటున్నాము. తేడా ఏమిటంటే బలం చూడడానికి నాలుక లేదు. చేతులు మండిన తరువాతనే తెలుస్తుంది.

6. వాసన

శుభ్రమైన గుడ్డకు వాసన ఉండాలా అన్న ప్రశ్నకు రెండు కాలాలు రెండు జవాబులు చెప్పినవి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో వస్త్రభోగానికి, సుగంధాలకు వేరువేరు ప్రకరణాలున్నవి. సామాన్యుల ఇళ్లల్లో పెట్టెలో వట్టివేరు, దవనం, పురుగు పట్టకుండ వేపాకు, తలంటునాడు జుట్టుకూ బట్టకూ సాంబ్రాణిపొగ ఉండేవి. తరువాత నాఫ్తలీను వచ్చింది. తెలుగువారు దానిని కలరా ఉండలు అన్నారు. అది తరిమేది పురుగునేగాని కలరాను కాదు.

రేవుబట్టకు వేరే పరిమళం ఉండేది కాదు. ఎండవాసన, గంజివాసన, కొంత పొగవాసన ఉండేవి. నేడు జాడించే నీటిలో కలిపే మెత్తదనపు ద్రవాలు ధనావేశం గల జిడ్డు అణువులు. తడిసిన నూలుకు ఋణావేశం ఉంటుంది కనుక అవి దారానికి అతుక్కొని గుడ్డను మెత్తగా ఉంచుతాయి. గంజి చేసే పనికి ఇది సరిగా వ్యతిరేకం. కొన్ని రకాలలో పరిమళాన్ని కంటికి కనిపించని గుళికలలో బంధిస్తారు. గుడ్డ రాచుకొన్నప్పుడల్లా అవి పగిలి వాసన వస్తుంది. బిరుసుగా ఉన్నదే మర్యాద అనుకొన్న తరం పోయి, మెత్తగా ఉన్నదే మర్యాద అనుకొనే తరం వచ్చింది. పాత వాసనలో గుడ్డ ఎవరిచేతిమీదుగా వచ్చిందో కొంత తెలిసేది. కొత్త వాసనలో ఆ జాడ లేదు.

7. పేరు ఎవరిది?

ఇంతవరకు వ్రాసినదాన్ని బట్టి మేము పోయిన కాలాన్ని పొగడుతున్నామని అనుకోరాదు. చవుడు తెచ్చిన కాళ్లు ఎటువంటివో, కారం చూచిన నాలుక ఎవరిదో మరువరాదు. పురుడు, రజస్వల, చావు వచ్చిన ప్రతి ఇంటిలో మైలగుడ్డ మోయడం వారి విధి. ప్రతిఫలం కళ్లంలో మేర, వాకిట్లో అన్నం. చాకిరి అన్న మాట పారశీకపు చాకర్‌నుండి వచ్చింది. దానికి చాకలి అన్న మాటతో వ్యుత్పత్తిలో సంబంధం లేదు. కాని ఊళ్లు ఆ రెండు మాటలనూ ఒకే మనిషిమీద మోపినవి. 1909లో థర్‌స్టన్ ఏడవ సంపుటిలో చాకలి, వణ్ణాన్ అనే రెండు కులాలను వేరువేరుగా వర్ణించినాడు. ఎల్లమీద ఇద్దరి బండలూ ఒకే ఏట్లో ఉన్నవి.

అవ్వ మాటలను మేము వ్రాసుకొంటూ ఉండగా ఆమె ఆపి అన్నది: “ఇయ్యన్నీ ఎందుకు రాసుకుంటా ఉండావు సామీ? మేము మరిచిపోదామని చూస్తా ఉండాము. నా మనవడు కెమిస్ట్రీ చదవతా ఉండాడు. వాని కాడ మాత్రం ఈ మాట ఎత్తొద్దు.”

మేము ఎత్తబోమనే అన్నాము. కాని కాసేపటికి ఆ అబ్బాయి కళాశాలనుండి వచ్చి కూర్చున్నాడు. సంభాషణ రసాయనాలమీదకు పోయింది. చవుడులో ఉండేది ఏదో తెలుసా నాయనా అని అడిగి, జవాబు మేమే చెబుతూ, చిన్నప్పుడు బడిలో నేర్చిన మాట అలవాటుగా అనేశాము: “చాకలి సోడా.” అవ్వ తల తిప్పుకొన్నది. అబ్బాయికి మా మాట అర్థం కాలేదు. ఒక క్షణం ఆలోచించి, “సలవై సోడావా సార్?” అన్నాడు. అతడు చదివింది తమిళ మాధ్యమం. అక్కడి పాఠ్యపుస్తకాలలో ఆ పదార్థం పేరు సలవై సోడా. విరంజనచూర్ణం పేరు సలవైత్తూళ్. ఆ పుస్తకాలలో అతని కులం పేరు లేదు. మా పుస్తకాలలో ఉంది. దానిని నలభై ఏళ్లు పలికి కూడ మేము వినలేదు.

తమిళంలో సలవై అంటే ఉతికి తెల్లబరచడం. ఇది తమిళుల సొత్తు ఒకటే కాదు. తెలుగు చలువ దాని తోబుట్టువు. చలువబట్టలు, చలువచేసిన పంచె అని మనమూ అంటున్నాము. పాలరాతిని తమిళులు సలవైక్కల్ అంటే మనం చలువరాయి అంటున్నాము. చల్లదనాన్ని చెప్పే చలువ మన చెవిలో పెద్దది కావడంవల్ల, తెలుపును చెప్పే చలువ మూలకు జరిగింది. తమిళనాడు ప్రభుత్వపు కులాల పట్టికలో వణ్ణార్ పక్కన సలవైత్తొళిలాళర్, అంటే చలువపనివారు, అన్న మాట ఉంది. ఒక కులానికి ఒక పని అని కాక, ఒక పని చేసే కార్మికులు అని చెప్పే మాట అది. పేరు మారితే బ్రతుకు మారుతుందని మేము అనము. అయితే పిల్లవాడు పాఠం చదివేటప్పుడు తల దించుకోవలసిన అవసరం లేకుండ చేయడం భాషావేత్త చేతిలో ఉన్న పనే. చాకలి సోడాకు చలువ సోడా అనవచ్చు. కొన్ని తెలుగు పుస్తకాలలో ఉన్న బట్టల సోడా అన్నా సరే. చలువలో మాత్రం ఒక పాత శాస్త్రం జ్ఞాపకం ఉంది.

సవుడు అన్న మాట విషయం ఇంకొకటి చెప్పి ముగిస్తాము. తమిళనాడు చిన్నతరహా ఖనిజాల నియమావళిలో (1959) చెరువునుండి తీసుకొనే బంకమట్టి, ఒండ్రులతోపాటు సవుడు పేరు ఉంది. తిరువళ్లూరు జిల్లా చెరువులలో సవుడు పేరుతో లారీలకు ఎత్తే మట్టి రోడ్లకు, ఇళ్ల పునాదులకు పోతున్నది. సవుడు పేరిట ఇసుక తవ్వుతున్నారన్న వివాదాలు మద్రాసు హైకోర్టువరకు వెళ్లినవి. ఆ కాగితాలు వ్రాసేవారికీ చదివేవారికీ సవుడు అంటే గుంత పూడ్చే మట్టి. దానిని నాలుకమీద వేసుకొని బలం చెప్పిన వారి అర్థం ఆ కాగితాలలో లేదు. పని వదలినవారు మాట వదలడం న్యాయమే. మాటను గౌరవంగా దాచిపెట్టడం మన బాధ్యత. కులవృత్తి అధ్యాయంలో కాక, రసాయనశాస్త్ర చరిత్ర అధ్యాయంలో దాచాలి.

మరల ఊత్తుకోటకు వెళ్లినప్పుడు మేము వ్రాసుకొన్న పదాల పట్టికను ఆ అబ్బాయికి చూపినాము. చవుడు ఎదుట సోడియం కార్బొనేటు అనీ, ఉబ్బ ఎదుట ఆవిరితో క్షారచర్య అనీ వ్రాసి ఉంది. చాకలి అన్న మాట ఎక్కడా లేదు. అతడు దానిని మొదటినుండి చివరిదాకా చదివి, అవ్వను కేకవేసి, తేటకు ఎంత మట్టికి ఎన్ని నీళ్లు పోసేవారని అడిగినాడు. ఆమె చెప్పింది. ఈసారి వ్రాసుకొన్నది అతడు.